భీమిలికి కొత్త హంగులు కావాలా, ఉన్నవాటిని చూపించడం రావాలా?

రుషికొండ వాసి:
విశాఖపట్నం నుంచి తీరం వెంబడి ఇంచుమించు పాతిక కిలోమీటర్లు వెళితే వచ్చే భీమిలికి, అంటే భీమునిపట్నానికి, ఆదివారాల్లో జనం పోటెత్తుతారు. అయితే వారిలో ఎక్కువమంది ఇసుకలో గంటసేపు కూర్చుని, మురీ మిక్చర్ తిని, చీకటి పడకముందే తిరుగుముఖం పడతారు. విశాఖలోని కైలాసగిరికి రోప్‌వే ఉన్నట్టు ఇక్కడ కూడా పడవ విహారం, పిల్లలకు ఆటస్థలాలు, తీరాన్ని ఆనుకుని పెద్ద హోటళ్ళు వస్తే తప్ప కుటుంబాలు ఒక రాత్రి ఆగవని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

గోస్తనీ తీరం:
మీరు చెప్పిన సమస్య నిజమే, పరిష్కారంతో మాత్రం ఏకీభవించలేను. భీమిలిలో చూడవలసినవి తక్కువై జనం వెనుదిరగడం లేదు; వాటి దగ్గరకు తీసుకువెళ్ళి, వివరించి చెప్పేవారు లేక వెనుదిరుగుతున్నారు.

ఊరికి ముందే వచ్చే ఎర్రమట్టి దిబ్బలనే తీసుకోండి. సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉన్న వేల సంవత్సరాల కాలంలో గాలి మోసుకొచ్చిన ఇసుక పేరుకుని, అందులోని ఇనుము తుప్పుపట్టినట్టుగా ఎర్రబారి, ఆపై వాననీరు కోసిన లోతైన గండ్లతో ఏర్పడిన భూమి అది. జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొంది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరిన ఈ దిబ్బల ముందు మనవాళ్ళు ఫోటో దిగి వెళ్ళిపోతున్నారంటే తప్పు వారిది కాదు. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: ఆ మట్టిని ఒకసారి చదును చేస్తే, ఏ నిధులూ దాన్ని తిరిగి నిలబెట్టలేవు.

ఇక ఊళ్ళోకి వస్తే, 17వ శతాబ్దం నుంచి 1825లో ఆంగ్లేయుల చేతికి వెళ్ళేవరకు ఇది డచ్చివారి వర్తక స్థావరం. వారి సమాధుల మీద చెక్కిన అక్షరాలను తెలుగులో చదివి చెప్పే మనిషి ఒక్కరుంటే, ఓడల్లో వచ్చి ఈ ఇసుకలోనే కన్నుమూసినవారి కథ పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. పావురాళ్ళకొండ ఎక్కితే బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు పక్కనే ఉంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత ఊరు ఇది; దీని వీధుల్లో నడవడానికే ఒక పూట పడుతుంది.

చిట్టివలస నుంచి:
గోస్తనీ తీరం గారూ, మీరు చెప్పినవన్నీ చూస్తూ పెరిగినవాణ్ణే. మా ఊరి జనపనార మిల్లు మూతపడ్డాక ఎన్ని కుటుంబాలు పనికోసం చెల్లాచెదురయ్యాయో కూడా చూశాను. సమాధుల చరిత్రతో ఎంతమందికి జీతం వస్తుంది? హోటల్ వస్తే వంటకు, కాపలాకు, వాహనాలకు మనుషులు కావాలి. పైగా, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ పావురాళ్ళకొండ ఎక్కలేరు; ఆమెకు సముద్రం ఎదురుగా నీడలో కూర్చునే చోటు కావాలి. చరిత్ర మీద ప్రేమతో ఇటువంటివారిని మరచిపోకూడదు.

గోస్తనీ తీరం:
మీ అమ్మగారి మాటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. నీడ, కూర్చునే బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ వెళ్ళగలిగే దారి తప్పకుండా కావాలి. వాటిని నేను మొదటే ప్రస్తావించి ఉండవలసింది. హోటళ్ళను కూడా పూర్తిగా కాదనడం లేదు. కానీ అవి తీరం పక్కన కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలకు లోబడి, ఊరివైపు రావాలి. పడవలు ఒడ్డుకు లాగి వలలు ఆరబెట్టుకునే చోటు హోటల్ పెరడుగా మారితే, ఒకరికి వచ్చిన జీతం మరొకరి జీవనాధారాన్ని తీసివేసినట్టవుతుంది.

ఉపాధికి నాకు తోచిన మార్గం మరొకటుంది. ఈ తీరంలో అలలు మనిషిని లోపలికి లాగేస్తాయని తెలియక స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఎవరైనా గల్లంతైతే మనం మొదట పిలిచేది మత్స్యకార గజ ఈతగాళ్ళనే. అప్పటికప్పుడు పిలవడం మాని, వారినే నెల జీతంతో ఏడాది పొడవునా తీరంలో ఎందుకు నియమించకూడదు?

రుషికొండ వాసి:
పెద్ద హోటళ్ళ విషయంలో నా అభిప్రాయం ఇంకా మారలేదు, కానీ తీరాన్ని ఆనుకుని అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఈతగాళ్ళ నియామకం మీద మనకు భేదాభిప్రాయం లేదు కనుక, ఒక వినతిపత్రం రాద్దాం. పడవలు నిలిపే చోటు ఎంతమేర విడిచిపెట్టాలో చిట్టివలస మిత్రులు మత్స్యకార పెద్దలను అడిగి ఇక్కడ తెలియజేస్తే, దాన్ని కూడా అందులో చేరుస్తాను.