ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి ఇంట్లో మాట్లాడటం మానేశాడు: మీ అనుభవాలు చెప్పగలరు

హన్మకొండ అమ్మ: పదో తరగతి దాకా స్కూలు కబుర్లన్నీ చెప్పిన మా అబ్బాయి, ఎంపీసీలో చేరినప్పటి నుంచి గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. భోజనానికి పిలిస్తే విసుక్కుంటాడు, రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూసి ఉదయం కాలేజీ బస్సు తప్పిస్తున్నాడు. సీఈసీకి మారతానని ఒకసారి అన్నాడు. గ్రూపు మార్చవచ్చా? ఫోన్ విషయంలో మీ ఇళ్లలో ఏ నియమం నిలిచింది?

నరసరావుపేట నాన్న: మేము వైఫై ఆపేస్తే మావాడు పక్కింటివారి పాస్‌వర్డ్ సంపాదించాడు. చివరికి నాదీ, మా ఆవిడదీ సహా అందరి ఫోన్లూ రాత్రి హాల్లోనే ఛార్జింగుకు పెట్టాలన్న నియమం పెట్టాము, అది నిలిచింది. మీవాణ్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించండి, రాత్రి తొమ్మిదికల్లా నిద్ర దానంతటదే వస్తుంది.

ఫ్రీమాంట్ తెలుగు తల్లి: ఆ నాలుగింటి సలహా దయచేసి పాటించకండి. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోను మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి తొమ్మిదికి పడుకోబెట్టినా నిద్ర పట్టదు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికేమో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఇక్కడ కాలిఫోర్నియాలో హైస్కూళ్లు చాలావరకు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టకూడదని 2019లో చట్టం చేసి, 2022 నుంచి అమలు చేస్తున్నారు.

నరసరావుపేట నాన్న: అమెరికాలో కూర్చుని చట్టాలు చెప్పడం సులభమేనమ్మా. ఇక్కడ ఈఏపీసెట్‌లో ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా డబ్బు మీరు పంపుతారా?

విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్: ఇద్దరూ కాస్త ఆగండి. నా సర్వీసంతా రెసిడెన్షియల్ కాలేజీల్లోనే గడిచింది, తెల్లవారుజాము స్టడీ అవర్లకు నేనే ఇన్‌ఛార్జిని. నోట్సులో అక్షరాలు గీత దాటి కిందికి జారిపోవడం చూసి ఎవరు కూర్చునే నిద్రపోతున్నారో చెప్పగలిగేవాణ్ని. ఆ గంటలో కళ్లు తెరుచుకుని ఉన్నవారిలోనూ సగం మంది బుర్రలోకి ఏదీ ఎక్కేది కాదు.

నరసరావుపేట నాన్న: అలాగైతే జీతం తీసుకుంటూ ఆ స్టడీ అవర్లు ఎందుకు నడిపారు సార్?

కరీంనగర్ అక్క: నిద్ర గొడవలో అడిగినావిడను అందరూ మరచిపోయారు. మా అమ్మాయి నోరు మూసుకోవడానికి కారణం ఫోన్ కాదు, ప్రతి పండుగకూ మా అత్తగారింట్లో వాళ్ల పెద్దనాన్న కూతురి మార్కులతో పోల్చడం. ఆ మాట ఎత్తవద్దని పెద్దవాళ్లకు గట్టిగా చెప్పిన తర్వాతే అది నా పక్కన కూర్చుని అన్నం తింటోంది. అత్తగారు మాత్రం ఇప్పటికీ అలిగే ఉన్నారు. చెల్లెమ్మా, సీఈసీకి మారితే ఇంజనీరింగు దారి మూసుకుపోతుంది గానీ సీఏ ఫౌండేషన్, ఐదేళ్ల లా కోర్సు తెరిచే ఉంటాయి. అబ్బాయి తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఫ్రీమాంట్ తెలుగు తల్లి: డబ్బు పంపుతారా అన్న మాటకు నరసరావుపేట నాన్నగారు క్షమాపణ చెబుతారేమోనని ఎదురుచూస్తున్నాను.

నరసరావుపేట నాన్న: చెప్పను. మావాడు నాలుగింటికే లేస్తున్నాడు, బాగానే ఉన్నాడు.

హన్మకొండ అమ్మ: అక్కా, మీ పోస్టు చదివి వాణ్ని మార్కుల సంగతి ఎత్తకుండా కదిపి చూశాను. వాడికి లెక్కలంటే భయం లేదట. వారం పరీక్ష మార్కుల ప్రకారం సెక్షన్లు మారుస్తూ, పేర్లు నోటీసు బోర్డులో పెడుతున్నారట. స్నేహితులున్న సెక్షన్ నుంచి కిందికి పంపిన రోజు నుంచి వాడికి ఆ కాలేజీ మొహం చూడాలని లేదట. వాళ్ల నాన్నగారు ప్రిన్సిపాల్‌ను కలుస్తానంటున్నారు.

విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్: ప్రిన్సిపాల్ కన్నా ముందు ఫ్లోర్ ఇన్‌ఛార్జిని కలవండి, చాలా కాలేజీల్లో సెక్షన్ల జాబితా తయారుచేసేది అతనే. అబ్బాయిని వెంట తీసుకువెళ్లకండి, అతని ఎదుటే మార్కుల షీటు తీసి చదువుతారు.