512 జీబీ అని కొంటే 476 అని చూపిస్తోంది, అమ్మకు ఎలా చెప్పాలి?

నమస్కారం అండీ. మా అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నోటు పుస్తకంలో రాసుకునే లెక్కలు ఎక్సెల్‌లో వేసుకోవాలని పట్టుదల. పోయిన నెల 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ కొనిచ్చాను.

మొన్న కరెంటు పోయి, సేవ్ చేయని నాలుగు వరుసలు ఎగిరిపోయాయి. "అంత జాగా ఉందన్నావు, మరి ఎక్కడికి పోయాయిరా?" అంది. ర్యామ్ నువ్వు బట్ట కత్తిరించే బల్ల, ఎస్‌ఎస్‌డీ బీరువా, సేవ్ అంటే మడతపెట్టి బీరువాలో పెట్టడం, కరెంటు పోతే బల్ల మీదవి ఉండవు అని చెప్పాను. వెంటనే పట్టేసింది, ఇప్పుడు ప్రతి వరుసకీ కంట్రోల్ ఎస్ నొక్కుతోంది!

చిక్కల్లా ఇక్కడే. డ్రైవ్ మొత్తం 476 జీబీ అని కనబడేసరికి షాపువాడు మోసం చేశాడని ఆవిడ బాధ. తయారీదారులు జీబీకి 100 కోట్ల బైట్లు లెక్కేస్తారు, విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేసి, అంటే 107 కోట్ల పైచిలుకు లెక్కేస్తుంది. ఈ అంకెలు చెబితే ఆమెకు టెన్షన్. ఒకే తానును గజాల్లో కొలిస్తే ఎక్కువ, మీటర్లలో కొలిస్తే తక్కువ అంకె వస్తుంది కదా, ఆ పోలిక చెప్పనా? తప్పుదోవ పట్టించదు కదా? ఇంతకంటే తేలికగా మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎలా చెప్పారో దయచేసి రాయండి.