తొలిసారి ఒంటరిగా వియన్నా ప్రయాణం: విశాఖ నుంచి ఏర్పాట్లపై సలహా కావాలి

ప్రశ్న: పెదవాల్తేరు అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో పదమూడేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఇంతవరకు కాశీకైనా, ఊటీకైనా, చివరికి అరకుకైనా ఇంటిల్లిపాదితోనో తోటి అధ్యాపకులతోనో వెళ్ళానే తప్ప, ఒక్కదాన్నే బయలుదేరి పరాయి ఊళ్ళో రాత్రి బస చేసిన అనుభవం నాకు లేదు. వచ్చే మే నెల సెలవుల్లో ఎనిమిది రోజుల పాటు ఒంటరిగా ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్ళిరావాలని నిశ్చయించుకున్నాను.

వియన్నాయే ఎందుకని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. ఉష్ణగతికశాస్త్రం చెప్పే ప్రతి ఏడూ, ఎంట్రోపీ (పదార్థంలోని క్రమరాహిత్యానికి కొలత) దగ్గరికి వచ్చేసరికి, 'ఎస్ = కే లాగ్ డబ్ల్యూ' అనే సూత్రం వియన్నాలోని భౌతికశాస్త్రవేత్త బోల్ట్స్‌మన్ సమాధి మీద చెక్కి ఉందని పిల్లలకు చెబుతూ వచ్చాను. చూడకుండా చెప్పడం ఇక చాలనిపించింది.

నా సందేహాలు ఇవి. టికెట్ల విషయమై సంప్రదించిన ఒక ఏజెంటు, అంత దూరం వెళ్ళి ఒక్క ఊరే చూసి రావడం డబ్బు వృథా అనీ, ప్రాగ్, బుడాపెస్ట్ కూడా కలుపుకొమ్మనీ గట్టిగా చెబుతున్నారు. అది నిజమేనా? ఒంటరిగా వెళ్ళే అవివాహిత స్త్రీకి వీసా ఇవ్వడానికి వెనకాడతారని బంధువులు అంటున్నారు, ఇందులో ఎంత వాస్తవముంది? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను, కాబట్టి భోజనం ఎలా? అన్నిటికంటే పెద్ద చిక్కు డెబ్బై రెండేళ్ల మా అమ్మ. ఆవిడ వద్దనడం లేదు కానీ, ఈ మాట ఎత్తినప్పుడల్లా మౌనంగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు.

జవాబు: సీతమ్మధార

మేడమ్ గారూ, నేను బ్యాంకు ఉద్యోగినిని. 2018లో వియన్నాలో తొమ్మిది రోజులు ఒంటరిగా ఉండి వచ్చాను కనుక కొంత అధికారంతోనే రాస్తున్నాను. ఏజెంటు మాట పక్కన పెట్టండి. తొలిసారి ఒంటరిగా వెళ్ళేవారికి ఊరు మారే రోజే అన్నిటికంటే కష్టమైన రోజు. పెట్టె సర్దుకోవడం, గది ఖాళీ చేయడం, తెలియని స్టేషన్లో సరైన ప్లాట్‌ఫారం వెతుక్కోవడం, కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి దారులు నేర్చుకోవడం అన్నీ ఆ రోజే మీద పడతాయి. ఎనిమిది రోజుల్లో మూడు ఊళ్ళంటే అందులో రెండు రోజులు దీనికే పోతాయి. అదే ఒక్క ఊళ్ళో ఉంటే మూడో రోజుకల్లా మీ వీధి చివర రొట్టెల దుకాణం ఏ వేళకు తెరుస్తారో, ఏ ట్రామ్ ఎటు పోతుందో మీకే తెలిసిపోతుంది, బెరుకు దానంతట అదే తగ్గుతుంది. మరీ మనసు ఆగకపోతే ఒకనాడు పొద్దున్నే రైలెక్కి స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా చూసి రాత్రికి తిరిగి వచ్చేయవచ్చు. అది సుమారు గంట ప్రయాణం, అదే వీసాతో.

ఇక మొదటి రోజు గురించి చెప్పాలి, ఎందుకంటే భయమంతా అక్కడే ఉంటుంది. విశాఖ నుంచి యూరప్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి హైదరాబాదో ఢిల్లీయో వెళ్ళి మారాలి. రెండు విమానాలకూ ఒకే టికెట్ అయితే మంచిది. వేరు వేరు టికెట్లయితే సామాను మీరే తీసుకుని మళ్ళీ అప్పగించాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ బాధ్యత ఎవరిదీ కాదు. అలాంటప్పుడు ఒకరోజు ముందే హైదరాబాద్ చేరుకోవడం క్షేమం. ఉదయం వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో ఉంటారు. వియన్నాలో పగటి పూట దిగే విమానమే ఎంచుకోండి, నాలుగైదు వేలు ఎక్కువైనా సరే.

అక్కడి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రెండు రకాల రైళ్ళున్నాయి. ఆకుపచ్చ రంగు బోర్డులతో ముందుగా కంటపడేది ఎక్కడా ఆగకుండా పదహారు నిమిషాల్లో ఊరి నడుమనున్న వీన్ మిట్టె స్టేషన్‌కు తీసుకువెళుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. దాని పక్కనే ఎస్7 అనే మామూలు లోకల్ రైలు అదే వీన్ మిట్టె స్టేషన్‌కు ఇరవై అయిదు నిమిషాల్లో, దాదాపు మూడో వంతు ధరకే చేరుస్తుంది. తొమ్మిది నిమిషాల కోసం అంత ఖర్చు నాకైతే అనవసరమనిపించింది. మెట్రో స్టేషన్లలో మన దగ్గరలా గేట్లు ఉండవు. కాగితపు టికెట్ కొంటే లోపలికి వెళ్ళే దారిలో ఉన్న నీలిరంగు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. గేటు లేదు కదా అని, లేదా తెలియక, ముద్ర లేకుండా ఎక్కి పట్టుబడితే వంద యూరోలకు పైగా జరిమానా కట్టాలి, తెలియదన్న మాట వారు వినరు.

బోల్ట్స్‌మన్ సమాధి ఊరి అంచున ఉన్న సెంట్రల్ శ్మశానవాటికలో ఉంది. 71వ నంబరు ట్రామ్ ఎక్కి రెండో ద్వారం దగ్గర దిగండి. అది 1874లో ప్రారంభమైన, దాదాపు రెండున్నర చదరపు కిలోమీటర్ల తోట. మనవాళ్ళు ఊహించుకునే శ్మశానంలా ఉండదు, చెట్ల నీడన జనం నడుస్తూ కనిపిస్తారు. సంగీతకారులు బేథోవెన్, షూబర్ట్ సమాధులు కూడా ఆ ద్వారానికి దగ్గరలోనే ఉన్నాయి. మీకు తెలిసే ఉంటుంది కానీ, ఆ సూత్రాన్ని ఆ రూపంలో మొదట రాసింది బోల్ట్స్‌మన్ కాదు, మాక్స్ ప్లాంక్. వియన్నా వెళ్ళినవారు అక్కడి విశ్వవిద్యాలయ ప్రధాన భవనం లోపలి ఆవరణ కూడా చూడాలి. అక్కడి క్వాంటం భౌతికశాస్త్రవేత్త శ్రోడింగర్ విగ్రహం కింద ఆయన సమీకరణం చెక్కి ఉంది. ప్రవేశానికి రుసుము లేదు.

సంగీతం మీద ఆసక్తి ఉంటే, 1869లో ప్రారంభమైన ఒపేరా (పాటలతో సాగే నాటకం) భవనంలో నాలుగు వందలకు పైగా నిలబడి చూసే చోట్లున్నాయి. నేను వెళ్ళినప్పుడు ఆ టికెట్ నాలుగు యూరోలే, ఇప్పుడు పెరిగింది, అయినా కుర్చీ ధరతో పోలిస్తే స్వల్పమే. కర్చీఫ్ వేసి సీటు పట్టడం మన ఆర్టీసీ బస్సులకే పరిమితం అనుకునేదాన్ని. అక్కడ చక్కగా ముస్తాబైన పెద్దమనుషులు కమ్మీకి స్కార్ఫ్ కట్టి చోటు పట్టుకుని, తాపీగా కాఫీకి వెళ్ళడం చూశాను. బయట రోడ్డు మీద పాతకాలపు రాజోద్యోగుల వేషంలో టికెట్లు అమ్మేవారు ఆ ఒపేరా మనుషులు కారు, వారి దగ్గర కొనవద్దు.

జవాబు: ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

అమ్మా, సీతమ్మధార వారి సలహాను పూర్తిగా కాదనను కానీ, ఒక పెద్దవాడిగా నా అభిప్రాయం వేరు. నేనూ నా భార్యా పదవీ విరమణ తర్వాత ఒక బృందంతో పదకొండు రోజుల్లో ఆరు దేశాలు చూసి వచ్చాం. వీసా కాగితాలు వాళ్ళే సరిచూశారు, రోజూ పప్పూ అన్నమూ పెట్టారు, నా భార్యకు జ్వరం వస్తే మందు తెచ్చి ఇచ్చినది కూడా బృందం నాయకుడే. ఒంటరిగా ఉన్నప్పుడు జ్వరం వస్తే ఎవరు చూస్తారు? జీవితంలో మళ్ళీ వెళ్ళగలమో లేదో తెలియని ప్రయాణానికి లక్షలు పోసి ఒక్క ఊరు చూడటం నాకు సబబుగా తోచదు. అయితే నిజం కూడా చెప్పాలి. ఆ ఆరు దేశాల్లో ఏ చర్చి ఏ ఊళ్ళో చూశామన్న విషయం మీద నాకూ మా ఆవిడకూ ఇప్పటికీ వాదన జరుగుతూనే ఉంటుంది, ఫొటోలు తీసి చూసినా తేలలేదు.

ఒంటరిగానే వెళ్ళేటట్లయితే మందులు డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్ళమ్మా. మన మెడికల్ షాపులో అడిగినట్టు అక్కడ యాంటీబయాటిక్ అడిగితే ఇవ్వరు.

జవాబు: ఎంవీపీ కాలనీ

వీసా సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఒకసారి తిరస్కరణకు గురై నేర్చుకున్నవాడిని. అవివాహిత అన్న కారణంతో నిరాకరించరు. వారు చూసేది రెండే: ఖర్చులు పెట్టుకోగలరా, తిరిగి వస్తారా. మీది స్థిరమైన ఉద్యోగం కనుక, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు మంజూరు చేశామని, ఆ తర్వాత విధుల్లో చేరతారని ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఉత్తరం, జీతం పడే ఖాతా స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు మీ పక్షాన గట్టిగా నిలబడతాయి. నేను చేసిన పొరపాటేమిటంటే, ఖాతాలో సొమ్ము నిండుగా కనిపించాలని దరఖాస్తుకు రెండు వారాల ముందు మా అన్నయ్య చేత నాలుగు లక్షలు వేయించాను. ఆ సొమ్ము ఎక్కడిదో చూపే కాగితం జత చేయలేదు. ఫీజు పోయింది, పోయిన ఫీజు తిరిగి రాదు. రెండోసారి ఉన్నదున్నట్టు, తక్కువ మొత్తంతోనే, రోజువారీ ప్రణాళిక రాసి పెట్టాను, వచ్చింది.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. నిర్ణయానికి సాధారణంగా పదిహేను రోజులు పడుతుంది కానీ, నలభై అయిదు రోజుల వరకు పట్టే అవకాశమూ ఉంది. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి మీరు ఫిబ్రవరిలోనే కదలండి. వేలిముద్రలకు స్వయంగా హాజరు కావాలి, నేను గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళి మరునాటి రాత్రి బండికి తిరిగి వచ్చాను. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, సేవా కేంద్రం ఛార్జీలు అదనం. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా తప్పనిసరి. ఉక్కునగరం పెద్దాయన అడిగిన జ్వరం ప్రశ్నకు సగం జవాబు అదే. పాలసీ నంబరు, సహాయకేంద్రం ఫోను నంబరు ఒక కాగితం మీద కూడా రాసుకోండి. అత్యవసరానికి 112 గుర్తుంచుకుంటే చాలు.

డబ్బు విషయంలో ఒక్క మాట. కార్డు గీకినప్పుడు యంత్రం రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా అని అడుగుతుంది. రూపాయలు చూడగానే మనసు అటే పోతుంది, కానీ యూరోలనే నొక్కాలి. రూపాయలంటే మారకపు రేటు వారిష్టం. బయలుదేరే ముందు కార్డులో విదేశీ వాడకాన్ని తెరిచి ఉంచుకోండి, ఓటీపీ రావాలి కనుక ఇక్కడి సిమ్‌కు రోమింగ్ ఉండేలా చూసుకోండి.

జవాబు: సీతమ్మధార

భోజనం గురించి రాయడం మరిచాను. గుడ్డు కూడా తినరు కాబట్టి హోటల్ గది కంటే చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, పెరుగు, కూరగాయలు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. అయితే ఆదివారాలు, పండుగ రోజులు దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, మే నెలలో అక్కడ సెలవులు ఎక్కువ. శనివారం సాయంత్రం ఆరులోపు సరుకులు తెచ్చుకోకపోతే ఆదివారం పెద్ద రైల్వే స్టేషన్‌లోని దుకాణం ముందు వరుసలో నిలబడాలి. బయట తినేటప్పుడు సూప్‌ను నమ్మవద్దు. కూరగాయల ముక్కలు మాత్రమే కనిపిస్తున్నా అది చాలాసార్లు గొడ్డు మాంసం ఉడికించిన నీరే. అక్కడి జర్మన్ భాషలో 'ఓనె ఫ్లైష్' అంటే మాంసం లేకుండా అని, 'ఓనె ఐ' అంటే గుడ్డు లేకుండా అని అర్థం.

కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల పాల పదార్థాలను యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా చెల్లదు. మీ అమ్మగారు ఎండుకొబ్బరి పెట్టబోతే ఆపండి, దానికి త్వరగా నిప్పంటుకుంటుందని మన విమానాశ్రయంలోనే తీసేస్తారు. నీళ్ళ సీసాలు కొనకండి. ఆల్ప్స్ కొండల ఊటనీటిని 1873 నుంచి కాలువల ద్వారా ఆ ఊరికి తెస్తున్నారు, గదిలో కుళాయి తిప్పితే వచ్చేది అదే.

పెదవాల్తేరు అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. ఉక్కునగరం పెద్దాయన మాటను తేలికగా తీసుకోలేదు, బీమా కాగితాలూ మందుల చీటీలూ ఆయన మాట మీదనే మొదటి వరుసలోకి వచ్చాయి. ఊరు మాత్రం ఒక్కటే, వియన్నాయే. సెలవు ఉత్తరం కోసం ప్రిన్సిపాల్ గారికి నిన్న అర్జీ ఇచ్చాను.

మే నెలలో అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా కాబట్టి, రోజూ అక్కడి సాయంత్రం నాలుగున్నరకు, అంటే ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి, ఫోను చేస్తానని అమ్మకు చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నట్టే ఉన్నారు, కందిపొడికి పప్పు వేయించడం కూడా మొదలుపెట్టారు. నిన్న రాత్రి మాత్రం పక్కన కూర్చుని, అన్ని లక్షలు పోసి అంత దూరం వెళ్ళేది ఒక శ్మశానం చూడటానికా అని అడిగారు. ఎంట్రోపీ గురించి ఆవిడకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.