డబ్బా పాలు: అప్పటికప్పుడు ఊపి పట్టాలా, ముందే కలిపి నురగ దిగాక పట్టాలా?

కవలల_అమ్మ
మా ఇంట్లో రోజూ ఇదే గొడవండీ. ఇద్దరికీ నెలన్నర, సాయంత్రం అయ్యేసరికి కాళ్లు పొట్టకి ముడుచుకుని మొహం కందిపోయేలా ఏడుస్తారు. నేనేమో రోజంతటికీ సరిపడా పాలు పొద్దున్నే జగ్గులో కలిపి ఫ్రిజ్‌లో పెడదామంటా, నురగంతా దిగిపోతే గ్యాస్ తగ్గుతుంది కదా అని. మా ఆయనేమో నిలవ పాలు వద్దే వద్దంటాడు, కానీ ఆయన కలపడమంటే సీసా మూత బిగించి డబడబా ఊపడమే, సగం సీసా నురగే ఉంటుంది. ఎవరిది కరెక్టు?

నైట్‌షిఫ్ట్_నాన్న
నా ఓటు జగ్గుకే. నురగతో తాగితే ఆ గాలి పొట్టలోకి కాక ఇంకెక్కడికి పోతుంది? మా పాపకి జగ్గు మొదలెట్టాక బాగా తగ్గింది. 24 గంటలు దాటితే పారబోస్తా, అంతే.

అనుమానం_పక్షి
బ్రో జగ్గు వల్ల తగ్గిందో వయసు వల్ల తగ్గిందో ఎలా చెప్తావ్? ఈ ఏడుపు ఆరు వారాల దగ్గర బాగా ముదిరి మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది, ఆ టైంలో ఏ చిట్కా మొదలెట్టినా పనిచేసినట్టే అనిపిస్తుంది. గ్యాస్ చుక్కల సంగతీ అంతే, వాటిలో ఉండే సిమెథికోన్ అనే మందుని ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే పెద్ద తేడా తేలలేదు.

బుజ్జిగాడి_అమ్మ
మేం ఒక స్కూప్ పొడి తగ్గించి పలచగా కలుపుతున్నాం, తేలిగ్గా అరుగుతుందని.

పిల్లల_వార్డు_నర్సు
బుజ్జిగాడి అమ్మగారూ, దయచేసి అది ఈరోజే ఆపేయండి. నీళ్లెక్కువైతే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. చిక్కగా కలిపినా తప్పే, డబ్బా మీద రాసిన కొలతే కొలత.

ఇక జగ్గు సంగతి. పాలపొడి స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు, అందులో క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా ఉండే అవకాశం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే 70 డిగ్రీలకి తగ్గని నీళ్లతో కలపమంది, అంటే నీళ్లు మరిగించి దించాక అరగంట లోపు. రెండు నెలల్లోపు పిల్లలకీ నెలలు నిండకుండా పుట్టినవాళ్లకీ ఇది మరీ ముఖ్యం. అప్పటికప్పుడు కలపడమే మంచిది, కుదరకపోతే జగ్గు తప్పేం కాదు, కాకపోతే లీటరుకి మించని స్టెరిలైజ్ చేసిన పాత్రలో, అదే వేడి నీళ్లతో కలిపి, వెంటనే చల్లార్చి మూతపెట్టి 5 డిగ్రీల్లోపు ఉండే ఫ్రిజ్‌లో లోపలివైపు పెట్టాలి, డోర్‌లో కాదు. బయటికి తీసి వేడి చేస్తే రెండు గంటల్లో అయిపోవాలి. బిడ్డ తాగి వదిలేసినవి మళ్లీ దాచొద్దు.

కవలల_అమ్మ
మరి గ్యాస్ సంగతేంటి మేడమ్? అసలు ప్రశ్న అదే కదా.

పిల్లల_వార్డు_నర్సు
నన్నడిగితే నురగ కంటే నిపుల్ దగ్గర మింగే గాలే ఎక్కువ. సీసా మరీ పడుకోబెట్టి పడితే నిపుల్‌లో సగం పాలు సగం గాలి, ప్రతి గుక్కకీ రెండూ వెళ్తాయి. తాగేటప్పుడు నిపుల్ చొట్టపడి అతుక్కుపోతోందా? రింగు మరీ బిగించారేమో, కొంచెం వదులు చేస్తే సీసాలోకి గాలి వెళ్లి సర్దుకుంటుంది. రంధ్రం పెద్దదైతే గటగటా మింగలేక నోటి పక్కనుంచి కారుతుంది, చిన్నదైతే లాగి లాగి అలిసిపోతారు. ఏడుపు ముదిరాక సీసా పెడితే అప్పటికే బోలెడు గాలి మింగేసి ఉంటారు, పెదాలు చప్పరిస్తున్నప్పుడే పట్టేయండి. పసరు రంగు వాంతి, జ్వరం, దొడ్డిలో రక్తం ఉంటే మాత్రం గ్యాసే అనుకుంటూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

అనుమానం_పక్షి
తేన్పు సంగతి ఎవరూ ఎత్తలేదే అనుకుంటున్నా 😄 ఒక ట్రయల్‌లో తేన్పించిన పిల్లల్లో ఏడుపేమీ తగ్గలేదు, పాలు కక్కడం మాత్రం పెరిగింది. అయినా నేను భుజాన వేసుకుని వీపు నిమురుతూనే ఉంటా.

కవలల_నాన్న
ఆ డబడబా ఊపేది నేనే. ఊపకపోతే అడుగున పొడి ముద్దలు మిగిలి నిపుల్‌కి అడ్డం పడుతున్నాయి, దానికేమంటారు?

పిల్లల_వార్డు_నర్సు
ముందు నీళ్లు కొలిచి పోసి, తర్వాత పొడి వేస్తున్నారా? ఆ తర్వాత డబడబా ఊపక్కర్లేదు, పొడి పూర్తిగా కరిగేదాకా సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పండి. ఎలాగూ చన్నీళ్ల కింద పెట్టి చల్లార్చాలి కదా, ఆ కాసేపట్లో ఉన్న కొద్ది నురగా దిగిపోతుంది, మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసి పట్టేయండి.

కవలల_నాన్న
ఓకే మేడమ్, ఈ రాత్రి నుంచే. జగ్గు మాత్రం కొనను 😁