బ్యాండ్‌లో నా బేస్ వినబడటం లేదు: ప్రెసిషన్ కొనాలా, చెయ్యి మార్చుకోవాలా?

గుంటూరు బేస్:

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఆదివారం చర్చిలో, శనివారం స్నేహితుల బ్యాండ్‌లో. బ్యాండ్‌లో ఎక్కువగా ఎనభైల నాటి ఇళయరాజా గారి పాటలే. నా దగ్గరున్నది జాజ్ తరహా బేస్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టలు). ఇంట్లో చిన్న యాంప్‌కి తగిలించి వాయిస్తే చాలా బాగుంటుంది. అందరితో కలిసి మొదలుపెట్టగానే మాయమైపోతుంది. వాల్యూమ్ పెంచితే గది అదురుతుంది కానీ ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియదు. ఆ పాటల్లో బేస్ అంటే ఊరికే రూట్ నోట్ (మూల స్వరం) కొట్టడం కాదు కదా, గాయకుడి గొంతు కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. అది వినబడకపోతే నేను అక్కడ నిలబడి ఏం లాభం?

ప్రెసిషన్ తరహా బేస్ (ఒకే పికప్ ఉండే ఇంకో రకం) కొంటే సమస్య తీరిపోతుందని మా డ్రమ్మర్ అంటాడు. బేస్ మార్చొద్దు, కుడి చెయ్యి మార్చుకో అని నాకు నేర్పిన మాస్టారు అంటారు. 40 వేలు కూడబెట్టాను. ఎవరి మాట వినాలి? ఇప్పుడు రెండు వాల్యూమ్ నాబ్‌లూ (పికప్‌కి ఒకటి) ఫుల్, టోన్ కూడా ఫుల్. చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి వాయిస్తాను.

స్ప్లిట్ కాయిల్:

మీ డ్రమ్మర్ మాటే వినండి.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని తెచ్చిందే ఈ బాధ తీర్చడానికి. అంతకుముందు డబుల్ బేస్ వాయించేవాళ్లు డ్రమ్స్, ఇత్తడి వాద్యాల మధ్య వినబడక అవస్థ పడేవాళ్లు. 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేశారు, ఒకటి కింది స్వరాల రెండు లావు తీగలకి, ఇంకొకటి పై స్వరాల రెండు సన్న తీగలకి. హమ్ (కరెంటు గుయ్యిమనే శబ్దం) పోయింది, మధ్య శబ్దం గట్టిగా వచ్చింది. దాదాపు డెబ్బై ఏళ్లయినా ఆ డిజైన్‌ని ఎవరూ పక్కన పెట్టలేదు.

జాజ్ బేస్ 1960లో వచ్చింది. మీలాగా రెండు నాబ్‌లూ ఫుల్ పెడితే రెండు పికప్‌లూ తీగని రెండు వేరు వేరు చోట్ల వింటాయి. కొన్ని హార్మోనిక్స్ (స్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఒక పికప్ దగ్గర పైకి లేచిన క్షణంలో ఇంకో పికప్ దగ్గర కిందికి దిగుతాయి. రెండూ కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పోయేది ఎక్కువగా మిడ్స్‌లోనే (మధ్య స్థాయి శబ్దాల్లో). ఒంటరిగా వాయించేటప్పుడు అది తియ్యగా ఉంటుంది, బ్యాండ్‌లో అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటలోకి గిటార్, కీబోర్డ్ వచ్చి కూర్చుంటాయి. చేతిని ఎంత మార్చుకున్నా వైరింగ్‌లో పోయిన శబ్దం తిరిగి రాదు.

చూపుడు వేలు:

తమ్ముడూ, నేను మీ మాస్టారి పక్షం. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డుల మీద వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. డబుల్ బేస్ నుంచి వచ్చిన అలవాటు. తీగలు కూడా పాతబడిన ఫ్లాట్‌వౌండ్‌లు (పైన నున్నగా ఉండే తీగలు), బ్రిడ్జ్ (తీగలు బిగించే కింది చివర) దగ్గర తీగల కింద నురుగు ముక్క. ఇప్పటి లెక్కలో "క్లారిటీ" ఇచ్చేది అందులో ఒక్కటీ లేదు. అయినా ప్రతి స్వరం వినబడుతుంది. ఎందుకంటే ప్రతి స్వరానికీ ఒక మొదలు ఉంది, ఒక చివర ఉంది.

మీరు రాసిన ఒక వాక్యం పట్టుకున్నాను: "గది అదురుతుంది కానీ ఏ స్వరమో తెలియదు." ఇది నాకు పికప్ జబ్బులా అనిపించడం లేదు. పై తీగల మీద వాయిస్తున్నప్పుడు మీ కింది E తీగ (అన్నిటికంటే లావుది) మోగుతూ ఉండి ఉంటుంది. ఆ తీగ ఫ్రీక్వెన్సీ 41 హెర్ట్జ్. అది ఆగకుండా గుయ్యిమంటుంటే దాని మీద ఏ స్వరం పెట్టినా బురదే. మీ బొటనవేలు ఎప్పుడూ పికప్ మీదే ఆనించి ఉంటుందా?

స్ప్లిట్ కాయిల్:

అన్నా, జేమర్సన్ వాయించింది 1962 ప్రెసిషన్. మీ ఉదాహరణ నా వాదనకే బలం.

చూపుడు వేలు:

సరే, అయితే జేకో పాస్టోరియస్. 1962 జాజ్ బేస్. ఫ్రెట్లు (మెడ మీది లోహపు గీతలు) పీకేసి, ఆ సందులు పూడ్చి, పైన ఎపాక్సీ పూసుకున్న బేస్ అది. వెదర్ రిపోర్ట్ బ్యాండ్‌లో కీబోర్డులు అడ్డం ఉన్నా, శాక్సోఫోన్ ఉన్నా ఆయన ప్రతి స్వరం పైకి వచ్చి నిలబడింది. జాజ్ బేస్ బ్యాండ్‌లో మునిగిపోతుందంటే దానికి ఏం చెబుతారు?

డల్లాస్ లో ఎండ్:

ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారు. పై ప్రశ్నకి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే నేను ఆ తప్పు డబ్బు పోసి చేశాను.

జేకో రెండు నాబ్‌లూ సమానంగా పెట్టి వాయించలేదు. బ్రిడ్జ్ పికప్ వైపు మొగ్గి, చేతిని కూడా అక్కడికే తీసుకెళ్లి వాయించాడు. అంటే స్ప్లిట్ కాయిల్ గారు చెప్పిన గుంట నిజమే, కానీ అది జాజ్ బేస్ గుణం కాదు, రెండు నాబ్‌లూ ఫుల్ పెట్టడం వల్ల వచ్చేది. ఒక నాబ్‌ని కొంచెం తగ్గించగానే ఆ కొట్టుకోవడం తగ్గి మిడ్స్ తిరిగి వస్తాయి. ముందు పికప్ ఒక్కటే పెడితే ప్రెసిషన్‌కి దగ్గరగా వెళ్తుంది, అచ్చంగా అదే కాకపోయినా. ఒక్క ఇబ్బంది ఉంది: రెండూ సమానంగా ఉన్నప్పుడు రద్దయ్యే హమ్ ఇప్పుడు కొంత వినబడుతుంది. చర్చిలో ట్యూబ్‌లైట్లు, పాత వైరింగ్ ఉంటే ముందే చూసుకోండి.

ఇక చెయ్యి. తీగని మధ్య దగ్గర మీటితే అడుగు శబ్దం ఎక్కువ, హార్మోనిక్స్ తక్కువ. బ్రిడ్జ్ వైపు వెళ్లేకొద్దీ తీగ బిగుసుగా తగులుతుంది, పై హార్మోనిక్స్ పెరుగుతాయి. వీణ వాయించేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మీటు ఒక అంగుళం జరిగితే నాదం మారిపోతుందని వాళ్లకి చిన్నప్పుడే తెలుస్తుంది. మనం బేస్ వాళ్లం మాత్రం బొటనవేలు ఒకచోట ఆనించి, జీవితమంతా అక్కడే మీటి, శబ్దం బాగాలేదని ఇంకో గిటార్ కొంటాం.

నేను ఇక్కడ డల్లాస్‌లో మన తెలుగు సంఘం కార్యక్రమాలకి వాయిస్తాను. నాలుగేళ్ల క్రితం మీలాగే వినబడక ప్రెసిషన్ తరహా బేస్ కొన్నాను. మొదటి రోజు తేడా తెలిసింది, అబద్ధం చెప్పను. కానీ రెండు నెలల్లో మళ్లీ బురద. అప్పుడు ఒకే పాటకి రెండు బేస్‌లతో, ఒక్కోదానితో మూడు చోట్ల మీటి రికార్డు చేసుకున్నాను. కళ్లు మూసుకుని వింటే బేస్ మారినప్పటికంటే చెయ్యి జరిగినప్పుడే నాకు తేడా పెద్దగా వినిపించింది. బేస్‌ల మధ్య తేడా లేదని కాదు. ఉంది. ఆ తేడాని వాడుకునే చెయ్యి నాకు అప్పటికి లేదు.

మిక్సర్ దగ్గర:

నేను బేసిస్ట్‌ని కాదు, ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో లైవ్ సౌండ్ చేస్తున్నాను. మీ నలుగురూ బేస్ చుట్టూనే తిరుగుతున్నారు. నేను వేదిక కింద నిలబడి చూసేది వేరు.

మన ఆర్కెస్ట్రాల్లో బేస్‌ని మింగేది కీబోర్డ్ వాయించేవాళ్ల ఎడమ చెయ్యి. ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తారు కాబట్టి ఎడమ చేత్తో బేస్ కూడా వాయించేయడం అలవాటు. బ్యాండ్‌లోకి వచ్చాక కూడా అది ఆగదు. అప్పుడు ఒకే చోట ఇద్దరు బేసిస్ట్‌లు ఉన్నట్టు, పైగా ఒకరు పట్టుకున్న స్వరం ఇంకొకరిది కాకపోతే రెండూ కలిసి ముద్ద. ముందు వాళ్లతో మాట్లాడండి. మర్యాదగా, పాట పేరు చెప్పి, "ఈ చరణంలో ఎడమ చెయ్యి వదిలేస్తారా" అని అడగండి.

రెండోది ఇంట్లో యాంప్ మీద మీరు పెట్టుకున్న సెట్టింగ్. బేస్, ట్రెబుల్ పైకి, మిడ్ కిందికి పెట్టారని పందెం కట్టగలను. చిన్న యాంప్ స్పీకర్ 41 హెర్ట్జ్‌ని సరిగ్గా ఇవ్వలేదు, పై హార్మోనిక్స్ విని మన చెవే ఆ అడుగు స్వరాన్ని కల్పించుకుంటుంది. ఫోన్‌లో పాట వింటున్నా బేస్ తెలిసేది ఆ కారణంగానే. అదే సెట్టింగ్‌తో పెద్ద స్పీకర్ల ముందుకొస్తే అసలు అడుగు శబ్దం మొత్తం బయటికొచ్చి కిక్ డ్రమ్ మీద పడుతుంది. మనిషి చెవి బేస్ స్వరాన్ని గుర్తుపట్టేది చాలావరకు 400 నుంచి 800 హెర్ట్జ్ ప్రాంతంలో. మీరు దాన్నే తగ్గించేశారు. మిడ్ పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది. భయపడకండి, అందరూ మొదలుపెట్టాక అదే స్పష్టంగా ఉంటుంది.

స్ప్లిట్ కాయిల్:

మిక్సర్ గారి మాట ఒప్పుకుంటాను, డల్లాస్ అన్న మాట కూడా చాలావరకు. కానీ ఒకటి గమనించండి. మీరందరూ ఇప్పటిదాకా ఇచ్చిన సలహాల సారం "మిడ్స్ తిరిగి తెచ్చుకో." ప్రెసిషన్ తరహా బేస్‌లో అవి నాబ్ ఏదీ ముట్టుకోకుండానే ఉంటాయి. ఒక వాల్యూమ్, ఒక టోన్. మూడేళ్ల అనుభవం ఉన్న కుర్రవాడు స్టేజి మీద టెన్షన్‌లో ఉన్నప్పుడు తప్పు చేసే అవకాశాలు తగ్గించడం కూడా వాద్యం పనే. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

విశాఖ షార్ట్ స్కేల్:

తమ్ముడూ, కొనేముందు ఎడమ చెయ్యి సంగతి కూడా చూసుకో. జాజ్ తరహా నెక్ వెడల్పు నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ తరహాది సాధారణంగా 41, 42 దాకా ఉంటుంది. మూడు, నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకున్నాను నేను కూడా. చిన్న చేతులకి అది రెండు గంటల కార్యక్రమంలో మణికట్టు నొప్పిగా తేలుతుంది.

34 అంగుళాల స్కేల్‌లో (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 130 మిల్లీమీటర్లు. 30 అంగుళాల షార్ట్ స్కేల్‌లో 114. "ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు" పద్ధతిని నాకు మొదటి రోజు నుంచే పట్టుబట్టి నేర్పారు, కింది ఫ్రెట్ల దగ్గర కూడా. ఏడాది తర్వాత చిటికెన వేలు వైపు నొప్పి మొదలైంది. డబుల్ బేస్ వాళ్లు వాడే పద్ధతి వేరు: చూపుడు వేలు, మధ్య వేలు, తర్వాత ఉంగరపు వేలు చిటికెన వేలు కలిపి, మూడు ఫ్రెట్లే. ఐదో ఫ్రెట్ దాటాక నాలుగు వేళ్లూ వాడుకోవచ్చు. అలా మార్చుకున్నాక నా స్వరాలు శుభ్రపడ్డాయి, ఎందుకంటే సాగదీసిన వేలు తీగని గట్టిగా నొక్కలేదు. నొక్కు సరిగ్గా లేని స్వరం ఏ పికప్‌లోనూ బాగుండదు.

సముద్రం దగ్గర ఉన్నాను కాబట్టి ఇంకో మాట. గాలిలో తేమకి నెక్ కదులుతుంది. వానాకాలం మొదట్లో ఒకసారి సెటప్ చేయించు. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉందా, పికప్‌లు తీగలకి మరీ దగ్గరగా ఉన్నాయా చూడమను. 40 వేలల్లో కొంచెమే ఖర్చవుతుంది.

చూపుడు వేలు:

పైన అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. బొటనవేలు ఎక్కడ ఉంటోంది?

పిక్ పట్టినవాడు:

వేళ్ల గురించి ఇంత చర్చ జరిగింది, పిక్ (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) మాట ఒక్కరూ ఎత్తలేదు. లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో కరోల్ కే వాయించిన బేస్ దాదాపు అంతా పిక్‌తోనే. ఫ్లాట్‌వౌండ్ తీగలు, మ్యూట్ చేసి, పిక్‌తో. స్వరం మొదలు అంత కచ్చితంగా వేళ్లతో తేవడానికి ఏళ్లు పడుతుంది. పిక్ పట్టుకుంటే బేసిస్ట్ కాదు, గిటారిస్ట్ అన్నట్టు చూస్తారు మన దగ్గర, అది నాకు నిజంగా బాధ. పదిహేను రూపాయల వస్తువు. 40 వేలు ఖర్చు చేసేముందు దాన్ని ఒక్క పాటకి వాడి చూడండి.

గుంటూరు బేస్:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. శనివారం రిహార్సల్ అయ్యాక రాస్తున్నాను.

చూపుడు వేలు అన్నా, మీరు చెప్పింది నిజం. వీడియో తీసుకుని చూశాను. నా బొటనవేలు మొదటి నుంచి చివరిదాకా ముందు పికప్ మీదే. పై తీగల మీద వాయించేటప్పుడు కింది E తీగ మోగుతూనే ఉంది. ఇప్పుడు పై తీగలకి వెళ్లినప్పుడు బొటనవేలిని E తీగ మీదికి దించుతున్నాను. నెమ్మది పాటల్లో గుర్తుంటోంది, వేగం పాటల్లో మర్చిపోతున్నాను.

వెనక నాబ్ కొంచెం తగ్గించాను. హమ్ వచ్చింది, కానీ భరించేంతే. యాంప్ మీద మిడ్ నిజంగానే కిందికి ఉంది మిక్సర్ గారూ, అడుగు నుంచి సగం పైకి తెచ్చాను. మా కీబోర్డ్ అక్కని ఒక పాటకి ఎడమ చెయ్యి వదలమని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంది, పైగా "ఇన్నాళ్లూ నువ్వు వాయిస్తున్నది వినబడక నేనే నింపుతున్నాను" అంది.

ఆ పాట రెండో చరణంలో బేస్ పైకి ఎక్కి దిగే చోటు ఒకటి ఉంది. మూడేళ్లలో మొదటిసారి మా గాయకుడు అక్కడ తల తిప్పి నా వైపు చూశాడు. పాట అయ్యాక ఆ లైన్ ఇంకోసారి వాయించమన్నాడు.

పిక్ కూడా ప్రయత్నించాను. చర్చి పాటలకి చాలా బాగుంది, ఈ పాటలకి నాకు ఇంకా కుదరలేదు.

స్ప్లిట్ కాయిల్ గారూ, మీ మాట నేను కొట్టెయ్యలేదు. మా డ్రమ్మర్ వాళ్ల అన్నయ్య దగ్గర ప్రెసిషన్ తరహా బేస్ ఉందట, వచ్చే శనివారం తెస్తానన్నాడు. అదే పాట, అదే యాంప్, అదే సెట్టింగ్, రెండు బేస్‌లతోనూ రికార్డు చేస్తాను. ఏది ఏదో చెప్పకుండా ఇక్కడ పెడతాను. అప్పటిదాకా 40 వేలు బ్యాంకులోనే ఉంటాయి. సెటప్‌కి మాత్రం రేపు ఇస్తున్నాను.

స్ప్లిట్ కాయిల్:

పెట్టండి. రెండింటికీ ఒకే రకం తీగలు ఉండేలా చూసుకోండి. ఒకదానికి పాతవి, ఒకదానికి కొత్తవి ఉంటే మనం పోల్చేది తీగల్నే.