అప్‌డేట్: చందవరం స్తూపం కొండ వాలు పటం సరిగ్గా వచ్చింది

ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలోని చందవరం బౌద్ధ స్తూపం చుట్టూ నేల వాలు లెక్కించబోతే, పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ పొలాలకు సైతం దాదాపు 90 డిగ్రీల వాలు చూపుతోందని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

మీలో ఒకరు అనుమానించినట్లే, ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచిన సర్వే) ఎత్తుల ఫైలులో అడ్డు దూరాలు అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలోనూ ఎత్తు మీటర్లలోనూ ఉన్నందున, ఒక డిగ్రీని ఒక మీటరుగా భావించిన సాఫ్ట్‌వేర్ ప్రతి గట్టునూ నిట్టనిలువు గోడగా లెక్కగట్టింది. ఫైలును అడ్డు దూరాలను కూడా మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర మండలానికి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ 32644 అనే కోడ్‌కు మార్చగానే వాలు నమ్మదగినదిగా వచ్చింది. మార్చేటప్పుడు రీశాంప్లింగ్ (కొత్త గడులకు ఎత్తులను తిరిగి లెక్కించడం) పద్ధతిగా, దగ్గరి ఒక్క గడి విలువనే తీసుకునే నియరెస్ట్ నైబర్ బదులు, చుట్టుపక్కల గడుల సగటు తీసే బైలీనియర్ ఎంచుకోవడం తప్పనిసరి. లేకుంటే వాలు పటం నిండా గళ్ల చీర మాదిరి చారలు పడతాయి.

పాత టోపోషీటు (సర్వే పటం) మీది గుర్తులు వంద మీటర్లకు మించి పక్కకు జరగడం వేరే సమస్య. ఆ షీటు భూమి ఆకారానికి పాత నమూనా అయిన ఎవరెస్ట్ దీర్ఘవృత్తజం ఆధారంగా గీసినది కనుక, దానికి ఆ నమూనాకు చెందిన కల్యాణ్‌పూర్ 1975 డేటమ్ (స్థానాలు కొలిచే ఆధార చట్రం) ఇచ్చి మార్చవలసి వచ్చింది.

స్తూపం నుంచి గుండ్లకమ్మ నది లోయ ఎంత మేర కనబడుతుందో ఇప్పుడు లెక్కించగలుగుతున్నాను. ఎస్‌ఆర్‌టీఎం కొలతలు 2000 ఫిబ్రవరి నాటివి కావడంతో, దిగువన మల్లవరం జలాశయం నిండకముందరి నేల రూపం అందులో దొరుకుతుంది, ఇది నా పనికి అనుకోని లాభం. అయితే 30 మీటర్ల గడిలో చిన్న దిబ్బలు కలిసిపోతాయి కాబట్టి, వాటిని నేల మీద నడిచి చూడవలసిందే.