వెనక్కి మళ్లించగలిగితే అది భౌతిక మార్పేనా?

ప్రశ్న:
మా అమ్మాయికి పాఠం చెబుతూ, వెనక్కి మళ్లించగలిగినది భౌతిక మార్పు అనీ, మళ్లించలేనిది రసాయన మార్పు అనీ వివరించాను. అయితే నీలిరంగు కాపర్ సల్ఫేట్ స్ఫటికాలను పరీక్షనాళికలో వేడి చేసినప్పుడు అవి తెల్లని పొడిగా మారాయనీ, ఆ పొడిపై నాలుగు చుక్కల నీళ్లు వేయగానే నీలిరంగు తిరిగి వచ్చిందనీ చెప్పి, ఇది ఏ మార్పు అని ఆమె అడిగింది. నా వివరణ ప్రకారం భౌతిక మార్పు కావాలి, పుస్తకం మాత్రం రసాయన మార్పు అంటోంది. పొరపాటు ఎక్కడుంది?

మొదటి సమాధానం:
పొరపాటు నిర్వచనంలోనే ఉందండీ. వెనక్కి మళ్లడం, రంగు మారడం, బుడగలు రావడం ఆనవాళ్లే తప్ప గీటురాళ్లు కావు. మార్పు తరువాత మిగిలినది అదే పదార్థమా, లేక పరమాణువుల కూర్పు మారిన కొత్త పదార్థమా అన్నదే చూడాలి. నీలి స్ఫటికంలో ఒక్కొక్క కాపర్ సల్ఫేట్‌కు అయిదేసి నీటి అణువులు ఉంటాయి. వాటిలో నాలుగు నేరుగా రాగి అయానుతో (విద్యుదావేశం ఉన్న రాగి పరమాణువుతో) బంధం ఏర్పరచుకొని ఉంటాయి, ఆ నీలిరంగు ఈ అమరిక వల్ల వచ్చినదే. వేడికి ఆ బంధాలు తెగి నీరు ఆవిరిగా పోతుంది కనుక మిగిలే తెల్లని పొడి వేరే పదార్థం. నీళ్లు చేర్చితే బంధాలు మళ్లీ ఏర్పడతాయి. అంటే అక్కడ ఎదురెదురు దిశల్లో రెండు రసాయన మార్పులు జరిగాయి. తెల్లని జింక్ ఆక్సైడ్ సంగతి వేరు: అది వేడికి పసుపు రంగుకు మారి, చల్లారగానే తెల్లబడుతుంది, కానీ ఆసాంతం జింక్ ఆక్సైడ్‌గానే ఉంటుంది.

బుడగల విషయంలోనూ ఇంతే. మరిగే నీటి బుడగల్లో ఉండేది నీటి ఆవిరే. విద్యుద్విశ్లేషణలో, అంటే నీటిలోకి విద్యుత్తు పంపి దాన్ని విడగొట్టినప్పుడు, వచ్చే బుడగల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయి. 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి సుమారు 41 కిలోజౌళ్ల శక్తి చాలు, కానీ అంతే నీటిని ఆ రెండు వాయువులుగా విడగొట్టడానికి సుమారు 286 కిలోజౌళ్లు కావాలి. అణువులను దూరం జరపడానికీ, అణువునే విరగ్గొట్టడానికీ ఉన్న తేడా ఇది. మీ అమ్మాయికి ఈ రెండు అంకెలూ తప్పక చూపించండి.

రెండవ సమాధానం:
ధర్మాలను కూడా ఇలాగే వేరుచేయవచ్చు. మెగ్నీషియం సాంద్రతను కొలిచిన తరువాతా, 650 డిగ్రీల వద్ద కరిగించిన తరువాతా మన దగ్గర ఉన్నది మెగ్నీషియమే కనుక అవి భౌతిక ధర్మాలు. అది మండుతుందని తెలుసుకోవాలంటే మాత్రం దాన్ని మండించి పోగొట్టుకోక తప్పదు: 2.4 గ్రాముల లోహం పూర్తిగా మండితే ఆక్సిజన్‌తో కలిసి సుమారు 4 గ్రాముల తెల్లని ఆక్సైడ్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అయానులు విడిపోతాయి కదా, దాన్ని భౌతిక మార్పు అని ఎలా అంటాం?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
గీత అక్కడ నిజంగానే పలచబడుతుంది. ఆ అయానులు స్ఫటికంలోనూ అయానులుగానే ఉన్నాయి, నీరు ఇగిరిపోతే అదే ఉప్పు మిగులుతుంది, అందుకే పాఠ్యపుస్తకాలు దాన్ని భౌతిక మార్పుగా లెక్కిస్తాయి. అయితే అయానుల మధ్య ఆకర్షణ సడలి, వాటి చుట్టూ నీటి అణువులు చేరుతాయి కాబట్టి, అది పూర్తిగా భౌతికం కాదనే రసాయన శాస్త్రవేత్తలూ ఉన్నారు. మీ అమ్మాయి ఈ సందేహం అడిగితే రెండు వాదనలూ చెప్పండి.